వరదగుడి కడితే నిజంగా వాన వస్తుందా?

చుక్కలపుస్తకం
మొన్న రాత్రి చంద్రుడి చుట్టూ పెద్ద వరదగుడి, అంటే వెలుగు వలయం, కట్టింది. పది నిమిషాలు మెడ ఎత్తి అలాగే చూస్తూ నిలబడ్డాను. మా తాతయ్య బతికి ఉన్న రోజుల్లో ఇలాంటి గుడి కనబడితే ఆరుబయట ఉన్నవన్నీ లోపలికి చేర్చేదాకా ఊరుకునేవారు కాదు. "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరం వాన" అనేవారు. ఆ మాట మీద ఉన్న గౌరవంతోనే ఏడాదిగా ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. గుడి కనబడిన రాత్రి తేదీ రాస్తాను, తర్వాత వాన వచ్చిందో లేదో రాస్తాను.

మొన్నటి గుడి తర్వాత రెండు రోజులు గడిచాయి. చినుకు పడలేదు. పుస్తకంలో "రాలేదు" అని రాయడానికి చేయి ఆడలేదంటే నమ్మండి.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. గుడి అసలు ఎందుకు కడుతుంది? దగ్గర గుడి, దూరపు గుడి అంటే ఏమిటి? ఇలాంటి మాటను నిజాయితీగా పరీక్షించాలంటే పుస్తకంలో ఏమేమి రాయాలి?

తూనీగ
ఒక్కసారి తప్పినంత మాత్రాన మాట తప్పు కాదండీ. "వాన రాకడ, ప్రాణం పోకడ" ఎవరికీ తెలియవని చెప్పింది కూడా ఆ పెద్దలే. వాళ్లు ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పేవారు కాదు. చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయా, తూనీగలు కిందుగా ఆడుతున్నాయా, గాలి ఎటు తిరిగింది, ఉక్క ఎలా ఉంది, ఇవన్నీ కలిపి చూసేవారు. తూనీగలాడితే తూమెడు వాన అన్న మాట చిన్నప్పుడు నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాను. నా పేరు కూడా అందులోంచి తీసుకున్నదే. దయచేసి ఈ చర్చను పెద్దల మాటలను తీసిపారేసే చోటుగా మార్చకండి.

పాదరసం
తీసిపారేయడానికి కాదు తూనీగ గారూ, అర్థం చేసుకోవడానికే. నేను చాలా ఏళ్లు వాతావరణ పరిశీలకుడిగా పనిచేశాను. రోజుకు ఎన్నిసార్లు ఆకాశం చూసి మబ్బు రకం రాశానో లెక్కలేదు. వరదగుడి అంటే నాకు ఇప్పటికీ ఇష్టం.

చుక్కలపుస్తకం గారి మొదటి ప్రశ్న తేలికైనది. నేలకు ఆరేడు కిలోమీటర్ల పైన, ఒక్కోసారి ఇంకా ఎత్తున, పలుచని తెరలాగా పరుచుకునే మబ్బు ఉంటుంది. దాన్ని సిర్రోస్ట్రాటస్ అంటారు. చంద్రుడిని కప్పుతుంది కానీ దాచదు. అందులో ఉండేవి నీటి బొట్లు కావు, మంచు పలుకులు. ఆరు పలకల పెన్సిలును చిన్న చిన్న ముక్కలుగా కోస్తే ఎలా ఉంటాయో అలాంటివి. వెన్నెల ఒక పలకలోంచి లోపలికి వెళ్లి, ఒకటి విడిచి ఆ తర్వాతి పలకలోంచి బయటికి వచ్చేటప్పుడు వంగుతుంది. ఆ వంపు 22 డిగ్రీల కన్నా తగ్గదు, ఎక్కువ కాంతి ఆ కోణం దగ్గరే పోగవుతుంది. అందుకే వలయం గీసినట్టు ఉంటుంది. దాని లోపలి ఆకాశం కాస్త నల్లగా కనబడుతుంది.

ఇక అసలు విషయం. ఆ 22 డిగ్రీలు మారవు. మంచు పలుకు ఆకారం ఎక్కడైనా అదే కాబట్టి గుడి కొలత కూడా ఎక్కడైనా అదే. చేయి పూర్తిగా చాచి, బొటనవేలు చంద్రుడి మీద ఉంచి, చిటికెనవేలిని వీలైనంత దూరం చాచండి. ఒక జేన. వలయం చిటికెనవేలి కొస దగ్గర ఉంటుంది. పిల్లవాడి చేయి చిన్నది, కానీ ఆ చేయి కంటికి దగ్గరగా కూడా ఉంటుంది కాబట్టి జేన లెక్క ఇంచుమించు అందరికీ సరిపోతుంది.

మరి గుడి ఎప్పుడూ జేనెడు దూరమే అయితే, సామెతలో దగ్గర గుడి ఎక్కడి నుంచి వచ్చింది? అది వేరే వస్తువు. చంద్రుడిని ఆనుకుని, రెండు మూడు బొటనవేళ్ల మందాన, పాలతెలుపు బిళ్లలా ఉండి అంచు కాస్త ఎరుపు తిరిగే వెలుగు ఒకటి ఉంది. పరివేషం అన్న పాత మాటను రెండింటికీ వాడేస్తుంటారు కానీ ఈ రెండో దాన్ని కరోనా అంటారు. అది మంచు పలుకుల వల్ల కాదు, పలుచని మబ్బులోని సన్నని నీటి బొట్ల చుట్టూ కాంతి చెదరడం వల్ల ఏర్పడుతుంది. తేడా పట్టడానికి ఒక గుర్తు చెబుతాను. జేనెడు గుడిలో ఎరుపు లోపలి అంచున ఉంటుంది, చిన్న బిళ్లలో ఎరుపు బయటి అంచున ఉంటుంది.

ఇప్పుడు తాతయ్య గారి మాట మళ్లీ చదవండి. దూరపు గుడి అంటే ఎత్తున మంచు మబ్బు తెర పరుచుకుంది, వెనక పెద్ద మబ్బుల దండు వస్తూ ఉండవచ్చు. దగ్గర గుడి అంటే మధ్య ఎత్తులో పలుచని నీటి మబ్బు మాత్రమే ఉంది, అది చాలాసార్లు తెల్లవారేసరికి కరిగిపోతుంది. కొలిచే పరికరం లేకుండా, మబ్బుల పేర్లు తెలియకుండా, కేవలం కంటితో ఈ తేడాను పట్టుకుని ఎనిమిది మాటల్లో పెట్టారు. నా అభిప్రాయంలో ఈ సామెతలో నిజమైన పరిశీలన ఉంది.

చుక్కలపుస్తకం
పాదరసం గారూ, ఇది చదివి పుస్తకం తీసి చూశాను. ప్రతిచోటా "గుడి కట్టింది" అని ఒక్క ముక్క రాసి ఉంది. జేనెడా, బొటనవేలెడా, ఎక్కడా రాయలేదు. ఏ రాత్రి ఏది చూశానో ఇప్పుడు తేల్చలేను. మొన్నటిది మాత్రం గుర్తుంది. చాలా పెద్దది, పక్క ఇంటి కప్పు దాకా దిగినట్టు ఉంది. అంటే దూరపు గుడే. అయినా వాన రాలేదు.

గాలివాటు
రాకపోవడానికి కారణం ఉంది. నేను ఓడల మీద పనిచేశాను, రెండు రకాల సముద్రాలూ చూశాను, కాబట్టి చెప్పగలను.

భూమధ్యరేఖకు దూరంగా, 40, 50 డిగ్రీల అక్షాంశాల దగ్గర వాతావరణం పడమటి నుంచి తూర్పుకు వరుసగా కదులుతుంది. వెచ్చని గాలి చల్లని గాలి మీదకు ఏటవాలుగా ఎక్కుతూ వస్తుంది. ముందు పిల్లి మీసాల్లాంటి సిర్రస్, తర్వాత గుడి కట్టే తెర, ఆ తర్వాత సూర్యుడు గరుకు అద్దం వెనక ఉన్నట్టు మసకబారే మబ్బు, చివరికి ముసురు. ఆ వరుసను ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుని చూడవచ్చు. అక్కడ గుడి కడితే మేము తాళ్లు సరిచూసుకునేవాళ్లం.

ఉష్ణమండలంలో ఆ వరుస అలా ఉండదు. అక్కడ ఎత్తున ఉండే మంచు తెర చాలాసార్లు ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో కురిసి అయిపోయిన ఉరుముల మబ్బు నెత్తి నుంచి కొట్టుకువచ్చిన తునక. గుడి కట్టిన మాట నిజం. మంచు మబ్బు ఉన్న మాట నిజం. కానీ ఆ మబ్బు వెనక ఏమీ లేదు.

సంధ్య ఎరుపు సంగతి కూడా ఇంతే. సాయంత్రం ఎర్రబడితే మంచి వాతావరణం, పొద్దున ఎర్రబడితే చెడు అని చాలా దేశాల నావికులు చెబుతారు. సాయంత్రం ఎర్రని వెలుగు మన దాకా వచ్చిందంటే పడమట చాలా దూరం వరకు ఆకాశం తెరిపిగా ఉన్నట్టు. వాతావరణం పడమటి నుంచి వచ్చే చోట అది శుభవార్త. తూర్పు గాలులు నడిచే ఉష్ణమండల సముద్రంలో వచ్చేది తూర్పు నుంచి. పడమట తెరిపిగా ఉంటే మనకేం లాభం? ఈ మాట అక్కడ పనికిరాదని పాత నావికుడొకాయన నాకు చెప్పారు, నేను కళ్లారా చూశాను.

తూనీగ
అంటే మాటకు కూడా ఒక చిరునామా ఉంటుందన్నమాట. పుట్టిన చోట నిజం, మోసుకుపోయిన చోట కాదు. ఇది నాకు నచ్చింది.

కానీ గాలివాటు గారూ, ఈ సామెత పుట్టింది తెలుగులోనే కదా. ఉష్ణమండలంలో గుడికి విలువ లేకపోతే ఆ మాట ఇన్ని తరాలు ఎలా నిలిచింది?

గాలివాటు
మంచి ప్రశ్న. విలువ లేదని కాదు, నమ్మకం తక్కువ అంటున్నాను. పెద్ద అల్పపీడనమో తుఫానో దగ్గరపడుతున్నప్పుడు దాని అంచుల్లోంచి మంచు మబ్బు ముందుగానే విసనకర్రలా పరుచుకుంటుంది. అప్పుడు కట్టే గుడి నిజంగానే కబురు తెస్తుంది. మామూలు రోజుల గుడి వేరు, ఆ రోజు గుడి వేరు. దాన్ని గాలితో, పీడనంతో కలిపి చూడాలి. మీరు మొదట్లోనే అన్నారు, పెద్దలు ఒక్క గుర్తు మీద ఆధారపడేవారు కాదని. ఆ మాటే సరైనది.

గాలి సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. 1857లో బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పాడు. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమ చేతి వైపు ఉంటుంది. దక్షిణార్ధగోళంలో కుడి వైపు. భూమధ్యరేఖ పక్కనే ఉంటే ఇది పనిచేయదు. ఏ పరికరమూ లేకుండా తుఫాను ఏ దిక్కున ఉందో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు.

మొదటిచినుకు
నేను ఇక్కడ కొత్త. నా ఫోనులో పీడనం చూపించే యాప్ ఉంది. పీడనం పడిపోతే వాన అని చదివాను. కానీ రోజూ మధ్యాహ్నం పడిపోతోంది, వాన మాత్రం రాదు. నా ఫోను చెడిపోయిందా?

పాదరసం
మీ ఫోను బాగుంది, మీరు చూసింది కూడా నిజమే. సముద్రానికి పోటు ఉన్నట్టే గాలికీ పోటు ఉంది. ఎండకు పై వాతావరణం వేడెక్కడం వల్ల పీడనం రోజుకు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతుంది. ఉదయం 10 ప్రాంతంలో, రాత్రి 10 ప్రాంతంలో ఎక్కువ. తెల్లవారుజామున 4, సాయంత్రం 4 ప్రాంతాల్లో తక్కువ. పీడనాన్ని కొలిచే ప్రమాణం హెక్టోపాస్కల్. ఉష్ణమండలంలో ఈ ఊగు రెండు మూడు హెక్టోపాస్కల్‌ల దాకా ఉంటుంది. ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గి, రోజువారీ మార్పుల్లో కలిసిపోతుంది. అందుకే చల్లని దేశాల్లో రాసిన పుస్తకాలు చదివి ఉష్ణమండలంలో బారోమీటరు కొన్నవారు మొదటి వారమే గాభరా పడతారు. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాళ్లు అందరూ మొదటి రోజుల్లో సాయంత్రం పరుగెత్తుకుని వచ్చి "పడిపోతోంది" అని చెప్పినవారే.

చేయవలసింది సులువు. ఇప్పటి అంకెను మధ్యాహ్నం అంకెతో పోల్చకండి. నిన్న ఇదే గంటకు ఎంత ఉందో దానితో పోల్చండి.

ఇంకొకటి. సముద్రమట్టం దగ్గర ఎనిమిది మీటర్లు పైకి ఎక్కితే పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. ఒక అంతస్తు మెట్లు ఎక్కితే కూడా ఫోను ఆ తేడా చూపిస్తుంది. రోజూ ఒకే చోట, ఒకే బల్ల మీద పెట్టి చూడండి. టారిచెల్లి 1643లో గాజు గొట్టంలో పాదరసం నింపి తలకిందులు చేసి ఆకాశం బరువు తూచాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే, 1648లో, పాస్కల్ తన బావ చేత ఆ గొట్టాన్ని కొండ మీదకు మోయించి పైకి వెళ్లేకొద్దీ పాదరసం దిగుతుందని చూపించాడు. అంత కష్టపడి తెలుసుకున్న విషయం ఇప్పుడు మీ జేబులో ఉంది.

గాలివాటు
దీనికి ఓడల మీద వాడే లెక్క ఒకటి జోడిస్తాను. ఉష్ణమండల సముద్రంలో, ఈ రోజువారీ ఊగును తీసేసిన తర్వాత, పీడనం ఆ కాలానికి ఉండవలసిన సగటు కన్నా 3 హెక్టోపాస్కల్‌లు తక్కువైతే తుఫాను ఉందేమోనని అనుమానించాలి. 5 తక్కువైతే అనుమానం అక్కర్లేదు, ఉన్నట్టే లెక్క. పదికీ నాలుగుకీ జరిగే ఆ ఊగు కనబడకుండా పోయి గీత ఒకటే పనిగా కిందికి జారుతుంటే ఇక వెనక్కి చూడకుండా దారి మార్చాలి.

మొదటిచినుకు
చాలా థాంక్స్. ఇంకొక్క సందేహం. వాన రాకముందే మట్టి వాసన వస్తుంది కదా, అది కూడా గుర్తేనా?

తూనీగ
దీనికి నేను చెబుతాను, ఎందుకంటే నాకు ఎంతో ఇష్టమైన గుర్తు ఇది. ఆ వాసనకు పెట్రికార్ అని 1964లో ఆస్ట్రేలియాలో పనిచేసిన ఇద్దరు శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. అందులో ముఖ్యమైన పదార్థం జియోస్మిన్, మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. మనిషి ముక్కు దాన్ని లక్ష కోట్లలో కొన్ని వంతులున్నా పసిగడుతుంది. వేరే చోట వాన మొదలైనప్పుడు ఆ ఉరుముల మబ్బు కింద నుంచి చల్లగాలి నలువైపులా చిమ్ముతుంది, వాసనను మోసుకొస్తుంది. అంటే వాసన వస్తే వాన ఎక్కడో పడుతోందని, గాలి అటు నుంచి ఇటు వస్తోందని ఖాయం. మన దాకా వస్తుందా అన్నది మబ్బు దయ.

కీచురాళ్ల గురించి కూడా చెప్పనివ్వండి. 1897లో అమెరికాలో డాల్బేర్ అనే ఆయన కీచురాయి అరుపులకూ ఉష్ణోగ్రతకూ లెక్క కట్టాడు. ఎనిమిది సెకన్లలో ఎన్నిసార్లు అరిచిందో లెక్కపెట్టి 5 కలిపితే ఇంచుమించు డిగ్రీల సెల్సియస్ వస్తుంది. చెట్ల మీద ఉండే ఒక రకం కీచురాయికి ఇది బాగా కుదురుతుంది. అన్ని రకాలకూ కాదు. పురుగు ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలితో పాటు మారుతుంది కాబట్టి అరుపు వేగమూ మారుతుంది. ఇది రేపటి సంగతి చెప్పదు, ఇప్పటి సంగతి చెబుతుంది.

నీలిమేఘం
తూనీగ గారి చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. చీమలు, తూనీగలు, కీచురాళ్లు, కీళ్ల నొప్పులు, అన్నీ ఇప్పటి సంగతే చెబుతాయి. తేమ పెరిగింది, పీడనం తగ్గింది, గాలి మారింది. (కీళ్ల నొప్పుల మీద బ్రిటన్‌లో సుమారు 2,600 మందితో చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. తేమ ఎక్కువగా, పీడనం తక్కువగా, గాలి బలంగా ఉన్న రోజుల్లో నొప్పి కాస్త పెరిగిందని తేలింది. ఆ తేడా చిన్నదే, కానీ ఉంది.) ఇప్పటి సంగతి నుంచి రేపటి సంగతికి వెళ్లడమే కష్టం. నేను కంప్యూటర్ నమూనాల మీద పనిచేస్తాను కాబట్టి ఆ కష్టం గురించి కొంచెం రాస్తాను.

లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్సు నడిపేవాడు. విరామం దొరికినప్పుడల్లా 1910 మే 20 నాటి కొలతలు ముందు పెట్టుకుని ఆరు గంటల తర్వాత వాతావరణం ఎలా ఉంటుందో చేత్తో లెక్కకట్టేవాడు. మధ్యలో ఆ కాగితాలు పోయాయి. నెలల తర్వాత బొగ్గు కుప్ప కింద దొరికాయి. ఇంత చేసి వచ్చిన జవాబు ఏమిటంటే, ఆరు గంటల్లో పీడనం 145 హెక్టోపాస్కల్‌లు పెరగాలి. ఆ రోజు పీడనం నిజానికి దాదాపు కదలనే లేదు. ఎంత పెద్ద తప్పంటే, మీరు పైన చదివిన తుఫాను హెచ్చరిక 5 హెక్టోపాస్కల్‌లు మాత్రమే.

ఆయన ఆ తప్పును దాచలేదు. 1922లో తన పుస్తకంలో అంకెతో సహా అచ్చువేశాడు. 64,000 మంది మనుషులు ఒక పెద్ద మందిరంలో కూర్చుని లెక్కలు చేస్తే వాతావరణంతో సమానంగా పరుగెత్తవచ్చని కూడా ఊహించాడు. ఆ తర్వాత తేలింది ఏమిటంటే, పద్ధతి సరైనదే. మొదటి కొలతల్లోని చిన్న చిన్న పొరపాట్లను ముందుగా సర్దకపోవడం వల్ల లెక్క చెడింది. 1950లో ఎనియాక్ కంప్యూటర్ మీద 24 గంటల అంచనా వేశారు. దానికి పట్టిన సమయం కూడా సుమారు 24 గంటలే. అంచనా పూర్తయ్యేసరికి ఆ రోజు వచ్చేసేది! అయినా దారి తెరుచుకుంది. ఇప్పుడు స్థూలంగా దశాబ్దానికి ఒక రోజు చొప్పున అంచనా ముందుకు జరుగుతోంది.

గాలివాటు
నీలిమేఘం గారూ, మీ పని మీద నాకు గౌరవం ఉంది. కానీ "వాన లేదు" అన్న అంచనా నమ్మి బయలుదేరి గాలివానలో ఇరుక్కుని, తోటి మనిషి చేయి విరిగిన రోజు కూడా నాకు గుర్తుంది. సామెత తప్పితే మూఢనమ్మకం అంటారు, యంత్రం తప్పితే ఏమంటారు?

నీలిమేఘం
తప్పనే అంటాం. అనాలి కూడా. మీ తోటివారికి జరిగింది విని బాధ కలిగింది.

ఆ తప్పు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పడం నా బాధ్యత. 1961లో ఎడ్వర్డ్ లోరెంజ్ తన కంప్యూటర్‌లో ఒక లెక్కను మళ్లీ నడపాలనుకుని 0.506127 అనే అంకెకు బదులు 0.506 అని ఇచ్చాడు. తేడా వెయ్యిలో వంతు కన్నా తక్కువ. కొద్దిసేపటికి రెండు లెక్కలూ పోలిక లేకుండా విడిపోయాయి. ఆకాశాన్ని మనం ఎప్పటికీ పూర్తిగా కొలవలేం, కాబట్టి ఒక్క జవాబు ఇవ్వడం న్యాయం కాదు. 1992 నుంచి పెద్ద వాతావరణ కేంద్రాలు మొదటి కొలతలను కొంచెం కొంచెం మార్చి ఒకే అంచనాను పదుల సార్లు నడుపుతున్నాయి. యూరప్ కేంద్రం 51 సార్లు నడిపేది. అందులో ఎన్నిటిలో వాన వచ్చిందో చూసి "30 శాతం" అనో "80 శాతం" అనో చెబుతారు. ఆ శాతాన్ని కొట్టేసి "వాన లేదు" అని ఒక్క ముక్క చెప్పినవాళ్లు మీకు అన్యాయం చేశారు. 30 శాతం అంటే అలాంటి పది రోజుల్లో మూడు రోజులు తడుస్తారని. అది తెలిసి ఉంటే మీరు బయలుదేరేవారో కాదో మీరే నిర్ణయించుకునేవారు.

గాలివాటు
బయలుదేరేవాణ్ని కాదు.

లెక్కలపిట్ట
చుక్కలపుస్తకం గారి మూడో ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. నా దృష్టిలో అదే అన్నిటికన్నా ముఖ్యమైనది.

1884లో అమెరికా సైన్యంలో ఫిన్లీ అనే సార్జెంటు మూడు నెలల పాటు టోర్నడోల అంచనాలు వేశాడు. మొత్తం 2,803 అంచనాలు. అందులో 2,708 నిజమయ్యాయి, అంటే 96.6 శాతం సరైనవని ప్రకటించాడు. వినడానికి గొప్పగా ఉంది. గిల్బర్ట్ అనే ఆయన లెక్కను విప్పి చూశాడు. టోర్నడో వస్తుందని ఫిన్లీ 100 సార్లు చెబితే 28 సార్లే వచ్చింది. రాదన్నప్పుడు 23 సార్లు వచ్చింది. మిగతా 2,680 సార్లు రాదన్నాడు, రాలేదు. ఆ 2,680 వల్లే శాతం అంత పెరిగింది. ఇంట్లో పడుకుని రోజూ "రాదు" అని చెప్పినా 98.2 శాతం సరైనదయ్యేది!

ఇప్పుడు మీ పుస్తకానికి వద్దాం. మీరు గుడి కట్టిన రాత్రులే రాశారు. గుడి కట్టని రాత్రుల తర్వాత వాన ఎన్నిసార్లు వచ్చిందో మీ దగ్గర లేదు. ఉదాహరణకు, వానాకాలంలో పదింట ఏడు రోజులు ఎలాగూ వాన పడే చోట గుడి తర్వాత పదింట ఏడుసార్లు వాన పడితే గుడి ఏమీ చెప్పనట్టే. అక్కడ ఏ గుర్తును పట్టుకున్నా నిజమవుతుంది. కాకి అరిచినా నిజమవుతుంది. ఎండాకాలంలో పదింట ఒక్కరోజు వాన పడే చోట గుడి తర్వాత పదింట మూడుసార్లు పడితే, ఏడుసార్లు తప్పినా సరే, ఆ గుర్తుకు చాలా విలువ ఉన్నట్టు.

కాబట్టి నాలుగు గళ్లు కావాలి. కట్టింది, వచ్చింది. కట్టింది, రాలేదు. కట్టలేదు, వచ్చింది. కట్టలేదు, రాలేదు. ప్రతి రాత్రీ ఏదో ఒక గడిలో పడాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. అమావాస్య రాత్రి, పూర్తిగా మబ్బు మూసిన రాత్రి గుడి ఉందో లేదో చూడలేరు. వాటిని "కట్టలేదు" అని రాయకండి, "చూడలేకపోయాను" అని వేరుగా రాయండి. మబ్బు మూసిన రాత్రుల తర్వాత వాన ఎక్కువ పడుతుంది కదా, వాటిని "కట్టలేదు" కింద వేస్తే తాతయ్య గారి సామెతకు అన్యాయం జరుగుతుంది.

తూనీగ
లెక్కలపిట్ట గారూ, నిజం చెబుతున్నాను, మొదట ఈ చర్చ చూసినప్పుడు భయపడ్డాను. పెద్దల మాటకు న్యాయం జరిగేలా లెక్క వేయమని మీరు అనడం చూసి మనసు కుదుటపడింది.

వరాహమిహిరుడి బృహత్సంహితలో, ఆరో శతాబ్దంలో, మేఘగర్భం అనే భావన ఉంది. ఆకాశంలో కొన్ని లక్షణాలు కనబడిన రోజు మేఘం గర్భం దాల్చిందని, 195 రోజుల తర్వాత వాన ప్రసవిస్తుందని. చిన్నప్పటి నుంచి ఇది నిజం కావాలని నాకు కోరిక. దీన్ని కూడా నాలుగు గళ్లలో పెట్టవచ్చా?

లెక్కలపిట్ట
తప్పకుండా. 195 రోజులు అని అంకె చెప్పారు కాబట్టి పరీక్షకు చాలా అనుకూలం. తప్పు అని తేలడానికి చోటు ఇచ్చిన మాట గొప్ప మాట. కానీ ఒక జాగ్రత్త. ఎండాకాలం ముందు గుర్తు చూసి 195 రోజులు లెక్కపెడితే వానాకాలంలోనే పడుతుంది, అక్కడ ఎలాగూ వానలే. అదే కాలంలో గర్భలక్షణం కనబడని రోజుల నుంచి కూడా 195 లెక్కపెట్టి, ఆ రెండింటినీ పోల్చాలి.

పాదరసం
నా అనుభవం చెబుతాను, నొచ్చుకోకండి. ఆకాశంలో ఇప్పుడు కనబడేదాన్ని చూసి ఒకటి రెండు రోజుల సంగతి చెప్పే మాటల్లో పరిశీలన ఉంటుంది, ఎందుకంటే మబ్బుకూ వానకూ మధ్య దారి కనబడుతుంది. ఒక తేదీని చూసి నెలల సంగతి చెప్పే మాటలు పరీక్షకు నిలవడం నేను చూడలేదు. ఇంగ్లండులో జులై 15న వాన పడితే 40 రోజులు పడుతుందని నమ్మేవారు. అక్కడి రికార్డుల్లో అలా వరుసగా 40 రోజులు వాన పడినది ఒక్కసారి కూడా లేదు. 195 రోజులకు నేను పెద్దగా ఆశ పెట్టుకోను తూనీగ గారూ. అయినా మీరు మొదలుపెడితే పీడనం, తేమ ఎలా రాయాలో నేను చూపిస్తాను.

తూనీగ
నొచ్చుకోలేదు. మొదలుపెడతాను.

చుక్కలపుస్తకం
అందరికీ నమస్కారాలు. కొత్త పుస్తకం కొన్నాను. పాతది దాచుకుంటాను, పారేయను. వాన అంటే ఏమిటో ముందే రాసిపెట్టాను. 36 గంటల్లోపు, మా డాబా మీది సీసాలో కనీసం ఒక మిల్లీమీటరు. మెడ కోసేసిన నిటారు గోడల సీసా అది, చదరపు మీటరుకు ఒక లీటరు అంటే ఒక మిల్లీమీటరని తెలిశాక దానికి స్కేలు అంటించాను.

నిన్న రాత్రి రాసింది ఇది:

రాత్రి 10:15. చంద్రుడు స్పష్టం. చుట్టూ వలయం, చిటికెనవేలి కొసకు సరిగ్గా తాకింది, జేన. లోపలి అంచు కాస్త ఎరుపు. పైన పలుచని తెర, చుక్కల్లో పెద్దవి మాత్రమే కనబడుతున్నాయి. పీడనం 1009.2. నిన్న ఇదే గంటకు 1009.6. గాలి తూర్పు, ఆకులు కదిలేంత. మట్టి వాసన లేదు. నా అంచనా: వాన 20 శాతం.

నీలిమేఘం
20 శాతం ఎందుకు వేశారు?

చుక్కలపుస్తకం
గుడి జేనెడు కాబట్టి పెంచాలనిపించింది. పీడనం నిన్నటికీ ఇవాళ్టికీ పెద్దగా మారలేదు, గాలి మారలేదు, కాబట్టి తగ్గించాను. మామూలుగా ఈ నెలలో పదింట ఒక రోజు పడుతుందనుకుని దాన్ని రెట్టింపు చేశాను.

లెక్కలపిట్ట
అంచనా వేయడం అంటే ఇదే. ఫలితం వచ్చాక వాన పడితే 1, పడకపోతే 0 అనుకుని మీ 0.20కీ దానికీ తేడాను వర్గం చేయండి. 1950లో బ్రయర్ చెప్పిన పద్ధతి ఇది. పడకపోతే 0.04, పడితే 0.64. ఎన్నో రాత్రుల సగటు ఎంత తక్కువైతే అంత మంచిది. గుడిని చూడకుండా ఎప్పుడూ 10 శాతం వేసే మనిషి సగటు కన్నా మీ సగటు తగ్గితే, తాతయ్య గారి మాటకు విలువ ఉన్నట్టు.

చుక్కలపుస్తకం
ఇప్పుడే డాబా మీదకు వెళ్లి వచ్చాను. 36 గంటలు నిండాయి. సీసా పొడిగా ఉంది, అడుగున ఒక చీమ ఉంది. "కట్టింది, రాలేదు" గడిలో గీత పెట్టాను. 0.04. ఈసారి రాయడానికి చేయి ఆగలేదు.

తూనీగ
ఆ చీమ గుడ్డు మోస్తోందా?

చుక్కలపుస్తకం
లేదు తూనీగ గారూ, ఒట్టిగానే ఉంది. దాన్ని కూడా రాశాను.